ముఖ్య నివాసం

డోరీన్ హాల్డెన్‌బీ ఫారం నింపుకుని రాలేదు.
ఖాళీగానే తెచ్చింది,
చేపల వాసన ఇంకా వదలని తోలుసంచిలో
నాలుగు మడతలు పెట్టి.

హల్ నగరంలో కౌన్సిల్ ఆఫీసు, మూడో నంబరు కిటికీ.
కిటికీకి ఇవతల నేను.
బయట వాన పడదు, పడనట్టూ ఉండదు,
ఈ ఊళ్ళో నవంబరంటే అంతే.

"ముప్పై ఎనిమిదేళ్ళు అద్దె కట్టాను.
ఒక్క సోమవారం తప్పలేదు.
లెన్ తిరిగిరాని వారం కూడా కట్టాను.
ఇప్పుడు కొంటాను" అంది.

లెక్క వేశాను.
కట్టిన ఏళ్ళన్నీ తగ్గింపై కూర్చుని
ఇంటి ధర సగానికి దిగింది.
మెట్ల కింద బొగ్గుల గది,
పెరట్లో బట్టల తీగ,
వంటింటి తలుపు చెక్క మీద పిల్లల ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలు,
వీటికి మా దగ్గర ధరల పట్టిక లేదు,
కొసరుగా పోతాయి.

అప్పుడు తీసింది రెండో కాగితం.
స్కిప్‌సీ దగ్గర, బంకమట్టి గట్టు అంచున
రెండు గదుల బంగళా.
ఏటా రెండు గజాల నేల సముద్రంలోకి జారిపోయే చోట
ఏ బ్యాంకు అప్పిస్తుంది?
పడవల కంపెనీ పరిహారం,
ముప్పై ఏళ్ళు ఆలస్యంగా వచ్చిన చెక్కు,
దాంతో రొక్కంగా కట్టేస్తోంది.
రెండిళ్ళూ ఒకే నెలలో.

"రెండు పడవల మీద కాళ్ళు పెడుతున్నారు" అన్నాను.
అని, నాలుక కరుచుకున్నాను.
ఆవిడ నవ్వింది.
"ఒక్క పడవ మీద రెండు కాళ్ళూ పెట్టినవాడు
ఏమయ్యాడో చూశాంగా."

పదకొండో ప్రశ్న:
ఇదే మీ ముఖ్య నివాసమా?
ముఖ్యమంటే ఏమిటంది.
రాత్రి పడుకునే చోటు, ఉత్తరాలు వచ్చే చోటు,
నియమావళి చదివి వినిపించాను.
"ఉత్తరాలా, ఇక్కడికే వస్తాయి.
అతని పేరు మీద కూడా, ఇప్పటికీ.
దుప్పట్లు అమ్మేవాళ్ళకి అతను పోలేదు."

నిజం చెప్పాలి. నాకూ ఒక జాబితా ఉంది.
నా తమ్ముడు క్రెయిగ్, ఇద్దరు పిల్లలు,
గోడలకి బూజు పట్టిన ఒక్క గది.
వరసలో నాలుగు వందల పన్నెండు.
ఒక కౌన్సిల్ ఇల్లు అమ్ముడుపోయినప్పుడల్లా
ఆ వరస ఒక గుమ్మం పొడుగవుతుంది.
సంతకం ఆవిడది, ముద్ర నాది.
ఒక క్షణం ముద్ర బరువనిపించింది.
అబద్ధం. చాలా క్షణాలు.

"రెండోది ఎందుకు?" అన్నాను.
ఫారంలో లేని ప్రశ్న.

ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో గీసింది:
ఇదిగో బంగళా, ఇదిగో గట్టు,
మధ్య నలభై గజాలు.
"నాకు అరవై ఆరు.
ఎనభై ఆరొచ్చేసరికి నీళ్ళు గుమ్మంలో ఉంటాయి.
అంత సముద్రంలో నేనెక్కడని వెతకను?
అదే రానీ.
ఏటా రెండు గజాలు అది నడుస్తుంది,
ఏటా కొంచెం నేను ఆగుతాను."

"మరి ఇక్కడిది?"

"తాళంచెవి అతని జేబులోనే ఉండిపోయింది.
అద్దె ఇల్లయితే, నా తరవాత
మీరొచ్చి తాళం మార్చేస్తారు.
సొంతమైతే మా పిల్లలకి చెప్పి పోవచ్చు."

ముద్ర వేశాను.
క్రెయిగ్‌కి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

ఆవిడ వెళ్ళాక
అద్దం మీద గీతలు కాసేపు ఉన్నాయి.
తొంభై ఏడో టోకెన్ మనిషి వచ్చి
తడి కోటు మోచేతితో తుడిచేసి
ఇల్లు కావాలన్నాడు.
ఏదైనా సరే అన్నాడు.