మాటు

లెడ్‌బరీ దాటాక, హాప్ తోటల వెనక సందులో
కారవాన్లు రెండు, ఒక గుర్రం, తడి ఆరని దుప్పట్లు.
చేతిలో కౌన్సిల్ కాగితం, జేబులో టేపు.
ఆ పూటకి నా ఉద్యోగం అది.

తలుపు తీసింది విన్నీ మోంగన్.
"నువ్వే చదువు నాయనా,
అక్షరాలకీ నాకూ చిన్నప్పట్నించీ పడదు."
ఇరవై నాలుగు గంటలు అని చదివాను.
గుర్రం సంగతి వేరే పేరాలో ఉంది, అదీ చదివాను.
వాన అందుకుంది. లోపలికి రమ్మంది.

టీ పోసిచ్చిన రేకు లోటా అడుగున
పావలాబిళ్ళంత మాటు.
వాళ్ళ నాన్న వేసిందట.
రాస్‌కామన్ పల్లెల్లో ఎవరి వాకిట్లోనో
గోనె పరుచుకుని ఆయన కూర్చుంటే
పాల బకెట్లు, కిరసనాయిలు డబ్బాలు,
ఫాదరు గారి కెటిలుతో సహా
వరస కట్టేవట.

"నమిలిన రొట్టెతో చిల్లు చుట్టూ గట్టు కట్టేవాడు.
కరిగిన సీసం అందులో పోసేవాడు.
గట్టిపడేదాకా అది ఎటూ పారకూడదు కదా."
గట్టిపడ్డాక?
గాలిలోంచి ఏదో గిల్లి తీసి
కిటికీ అవతలికి విసిరింది.
"కుక్కకి."

తరవాత ప్లాస్టిక్ బకెట్టొచ్చింది.
దానికి చిల్లు పడితే ఎవర్నీ పిలవక్కర్లేదు.
సుత్తి అమ్మకుండా ఓడెక్కాడు నాన్న.
ఇక్కడ హాప్ కోతకి మనుషులు కావాలన్నారు.
వేళ్ళు నల్లబడి, ఆ చేదు
నెల్లాళ్ళు రొట్టెకి అంటుకునేది.
కోతకీ మిషనొచ్చింది.
పాత ఇనుము కొన్నారు. రోడ్లకి తారు పోశారు.
"ఇప్పుడు మా మనవడు మైకీ
మీబోటివాళ్ళ వాకిళ్ళలో నాచు కడుగుతాడు."

పోయిన మార్చిలో మా వాకిలి కడిగిన కుర్రాడు
నలభై అడిగితే ముప్పైకి దింపాను.
పేరు అడగలేదు.
టీ ఇంకా వేడిగా ఉంది, ఊదుకుంటూ కూర్చున్నాను.

"ఎక్కడికి పొమ్మని రాశారు అందులో?"
మళ్ళీ చూశాను. కాగితం తిప్పి వెనకవైపూ చూశాను.
పొమ్మని ఉంది.

మూడో రోజు వెళ్ళేసరికి
గడ్డిలో పాలిపోయిన చదరాలు రెండు,
చీపురు గీతలు, లద్దె.
గేటుకి నా కాగితం, నేను అంటించినట్టే.
ఫైల్లో ఖాళీ అని రాసుకున్నాను.

లోటా ఏమన్నా మర్చిపోయారేమోనని
కంచె పొడుగునా వెతికాను, ఎందుకో.
లేదు.
ఎందుకు వదిలేస్తారు,
అది ఇంకా కారడం లేదుగా.