తట్టి వినేవాడు

మంగళవారాలు పదింటికి
లైబ్రరీ రెండో అంతస్తులో నా బల్ల.
కిటికీ అవతల గడ్డకట్టిన బోత్నియా సముద్రం,
ఒడ్డున పొగ మానేసిన మిల్లు గొట్టం.
ఉద్యోగం పోయినవాళ్లు వస్తారు,
బూట్ల మంచు దులుపుకుని,
టోపీ ఒళ్లో పెట్టుకుని
డాక్టరు ముందు కూర్చున్నట్టు కూర్చుంటారు.

ఉర్పోకి యాభై ఏడు.
ముప్పై మూడేళ్లు కాగితం మిల్లులో.
అతని ప్రొఫైల్ తెరిస్తే
పేరుంది, ఊరుంది,
ఫోటో ఉండాల్సిన చోట బూడిదరంగు బొమ్మ,
ఎవరికైనా అదే తల.

"ముందు ఫోటో" అన్నాను.
ఫోన్లో వెతికి వెతికి ఒకటి తీశాడు:
మంచు మీద నిలబడి, చేతిలో మూరెడు చేప.
మొహం కంటే చేపే బాగా పడింది.
ఇంకోటి కూతురు ఇంకెరి పెళ్లిలోది.
చుట్టూ కత్తిరించాక
అతని భుజం మీద ఎవరివో నాలుగు వేళ్లు మిగిలాయి.
"తీసెయ్యనా?"
"ఉండనీ."
ఎవరివని నేను అడగలేదు.

తర్వాత పేరు కింద ఒక్క వాక్యం.
దానికి నా దగ్గర కంఠతా వచ్చిన పాఠం ఉంది:
ఉత్సాహవంతుడు, ఫలితాలే ప్రాణంగా పనిచేసేవాడు,
పదిమందినీ ముందుకు నడిపించేవాడు.
చదివి వినిపించాను.
కిటికీ వైపు తిరిగి చాలాసేపు చూశాడు.
"ఈయనెవరో
మా షిఫ్టులో లేడు" అన్నాడు.

ఇక్కడంతే.
ఎవరి డప్పు వాళ్లు కొట్టుకుంటే
పక్కింటివాళ్లు తలుపేసుకునే ఊరు.
మెచ్చుకుంటే చెవులు ఎర్రబడతాయి,
చలికి, అంటారు,
ఎండాకాలంలో కూడా.

"పోనీ, రోజూ ఏం చేసేవారు?"
"వినేవాణ్ణి."

యంత్రం నుంచి కాగితం చుట్ట దిగుతుంది,
మనిషిని మించిన ఎత్తు, ఇరవై టన్నుల బరువు.
చెక్కబద్ద పట్టుకుని
ఈ కొస నుంచి ఆ కొసకి తట్టుకుంటూ నడవాలి,
సంతలో కుండ బేరం చేసేవాళ్లలాగా.
బిగువున్న చోట ఒక మోత,
వదులున్న చోట ఇంకోటి.
ఆ రెండో మోత వినబడకపోతే
ఎక్కడో దూరదేశంలో, అచ్చువేసే వేగంలో,
కాగితం ఫట్టున తెగుతుంది.

చెబుతూ చెబుతూ నా పెన్ను తీసుకుని
బల్లని తట్టుకుంటూ వెళ్లాడు.
పేపరు చదివే ముసలాయన తలెత్తాడు.
"ఈ మూల కాలు వదులు."
నిజమే. నాలుగేళ్లుగా
దాని కింద అట్టముక్క మడిచి పెడుతున్నది నేనే.

నైపుణ్యాల జాబితాలో వెతికాను.
'వినడం' ఉంది.
కానీ అది మీటింగుల్లో వినడం,
తలూపుతూ.

చివరికి ఒంటివేలితో తనే కొట్టాడు:
కాగితం చుట్టలు విన్నాను. ముప్పై మూడేళ్లు.
"'నాణ్యతా పరిశీలన' అని కూడా చేర్చాలి,
వెతికేది మనిషి కాదు, యంత్రం.
దానికి ఆ మాటే కావాలి."
"యంత్రానికైతే సరే" అన్నాడు,
మొదటిసారి నవ్వి.

సిఫారసు కోసం టైస్తోని అడగమన్నాను.
అడగనన్నాడు. నేనే రాశాను.
నాలుగు రోజులకి జవాబు, ఒకటే వాక్యం,
ఒక అక్షరదోషంతో సహా:
ఉర్పో తట్టిన చుట్టని నేను మళ్లీ తట్ట లేదు.
ఇంకొంచెం వివరంగా రాయమని
తెర అడుగుతూనే ఉంది.
ఎవరు రాస్తారు ఇంకా?

మళ్లీ మంగళవారం.
'ఈ వారం ముగ్గురు మీ ప్రొఫైల్ చూశారు.'
ఒకరు నేను. ఒకరు ఇంకెరి.
మూడోవారి పేరు చూడాలంటే డబ్బు కట్టాలట.
"అక్కర్లేదు" అన్నాడు ఉర్పో,
కోటు జేబులోంచి చెక్కిన చీలముక్క తీసి
మోకాళ్ల మీద కూర్చున్నాడు.

అతను వెళ్లాక
పెన్నుతో ఆ మూల తట్టి చూశాను.
తేడా నాకేం తెలుస్తుంది?
బల్ల మాత్రం కదలలేదు.