ఎడమ మలుపు

కుడికి తిరిగితే ఏమీ అనదు.
ఎడమకి తిప్పానా,
కుడి చక్రం దగ్గర టిక్ టిక్ టిక్,
పళ్ల మధ్య ఎవరో ఎండు బఠాణీలు నములుతున్నట్టు.
నవంబరులో మొదలైంది.
మార్చికల్లా, కుల్దీగా దాటాక వచ్చే అడవి దారిలో
ఉత్తరాలకంటే ముందు
ఆ చప్పుడే ఇళ్లకి అందేది.

వర్క్‌షాపు ఐవార్స్ చెప్పిన ధర
నా పన్నెండు రోజుల జీతం.
మొత్తం గోల్ఫ్‌ని కొంటావా అంటే
అంతకన్నా తక్కువే చెబుతాడేమో, అడగలేదు.
కొత్త ఇరుసు పోస్టులోనే వచ్చింది.
సంతకం పెట్టి
నాకు నేనే ఇచ్చుకున్నాను.

ఆదివారం. కొట్టం చూరు నుంచి మంచు కరిగి కారుతోంది.
చక్రం నేలమీద ఉండగానే
నడిమధ్య పెద్ద నట్టు వదులు చెయ్యాలి.
పక్కింటి రేనార్స్, పదకొండేళ్లవాడు,
బ్రేకు మీద రెండు కాళ్లూ బిగించాడు
స్టీరింగ్ పట్టుకుని, ఓడ నడుపుతున్నంత గంభీరంగా.
పానాకి మీటరున్నర నీళ్ల పైపు తొడిగి
దానిమీద కూర్చున్నాను.
కదల్లేదు.
ఊగాను. కదల్లేదు.
ముప్పై చలికాలాల రోడ్డు ఉప్పు
ఆ మరల సందుల్లో కాపురం పెట్టింది.
నూనె పోశాను, టీ తాగాను,
పిల్లాడి ముందు అనకూడనిది ఒకటి అన్నాను.
వాడు అద్దం దించాడు, ఇంకా బాగా వినడానికి.
మూడోసారి పైపు మీద పడ్డప్పుడు
తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు.
వదిలింది నట్టో, విరిగింది నా భుజమో
ఇద్దరికీ వెంటనే తెలియలేదు.

తర్వాత జాకీ, కింద దుంగలు,
ఒకసారి తోసి చూసుకోవడం, మళ్లీ ఒకసారి.
లోపలి వైపు ఆరు బోల్టులు,
తలల్లో పన్నెండు అంచుల గుంటలు,
గుంట నిండా రాయిలా బిగిసిన బురద.
తొందరపడితే అంచులు అరుగుతాయి,
ఇక అంతే సంగతులు.
వెల్లకిలా పడుకుని
మేజోళ్లు అల్లే సూదితో
ఒక్కో గుంటనీ, చెవిలో గుబిలి తీసినట్టు, శుభ్రం చేశాను.
ఐదు వచ్చాయి.
ఆరోదాని గురించి రాయను.

చివరికి ఊడింది.
రబ్బరు తొడుగు చీలి, కందెన తారులా నల్లబడి,
లోపల గోళీలు ఇసుకలో దొర్లుతున్నాయి.
పురిటి బిడ్డని ఎత్తుకున్నట్టు
రెండు చేతులా పట్టుకోవాలి దాన్ని.
మెడ నిలవదు.

కొత్తది ఎక్కించడానికి పావుగంట.
ఆ పావుగంట మీద నాకు ఇప్పటికీ కోపమే.

పోస్టాఫీసు వెనక ఖాళీ జాగాలో
ఎడమకి సున్నాలు చుట్టాం.
కంకర నలుగుడు, రేనార్స్ ఊపిరి.
అంతే.
ముందు నాకు కలిగింది గర్వం కాదు, అనుమానం.
వాణ్ణి దించి ఇంకో పది సున్నాలు చుట్టాను.

కూడలిలో స్కైద్రీతె ఇల్లు.
ఆమెకి చూపు పోయి తొమ్మిదేళ్లు.
చలికాలమంతా ఆ మలుపులో నా చప్పుడు విని
లిండెన్ పూల టీకి నీళ్లు పెట్టేది.
సోమవారం తలుపు తోస్తే
పొయ్యి మీద ఏమీ లేదు.
కుర్చీలో నిటారుగా, ముఖం రోడ్డువైపు.
"ఎవరది?"
"నేనే, వెల్గాని. పోస్టు."
"నీ బండి రాలేదే."
"వచ్చింది. బాగుచేశాను."
"దానికి నత్తి ఉండేది కదా," అంది,
ఊరు వదిలిపోయిన ఎవరి గురించో అన్నట్టు.

పాత ఇరుసు ఇంకా డిక్కీలోనే ఉంది, గోనెలో చుట్టి.
తెచ్చి, పాత పేపరు పరిచి
ఆమె ఒళ్లో పెట్టాను.
వేళ్లతో తడిమింది. చీలిక దొరికింది.
కీలు దగ్గర పట్టుకుని
మెల్లగా వంచింది.
టిక్.
ఇంకాస్త వంచింది. టిక్ టిక్.
"ఆఁ, ఇదిగో, వచ్చావు," అని
గోడ పట్టుకుని లేచింది కెటిల్ కోసం.
గోడమీద ఆ ఐదు నల్లటి వేళ్లు
తుడవనా అని అడిగాను.
ఏమిటి తుడిచేది, అంది.