సగం తవ్విన మడి

శివరాత్రికి చలి శివశివ అనుకుంట పోయింది.
అది పోయిన రెండు రోజులకు నాకు ఆఫ్ దొరికింది.
దేవరకొండ డిపోల ఆఫ్ దొరకడమంటే
చెల్కల నీళ్లు పడ్డట్టే.

పొద్దుగాలనే గడ్డపార పట్టిన.
చేతికి ఇంకా టికెట్ మిషన్ బరువు యాదికున్నది,
బొటనవేలు ఉత్తగనే మీటలు నొక్కుతాంది.
ఎర్రమన్ను ఇనుము లెక్క,
ఒక పోటుకు ఒక పెంకు లేస్తది.
రెండు బిందెలు పోసి, నాననిచ్చి
మళ్లీ పొడిచిన.
అవుతలి తోటలకెంచి బత్తాయి పూత వాసన
గాలికొకసారి వచ్చి పోతాంది.
నిలబడి పీల్చేలోపల
పక్కింటి కట్టెల పొయ్యి పొగ.

ఇత్తుల మూట విప్పిన:
బీర, పొట్ల, రెండు తీర్ల చిక్కుడు,
మల్లేపల్లి బస్సుల ఒక ముసలాయన
పది రూపాయలు తక్కువైతే చేతుల పెట్టిన
నాటు కాకర ఇత్తులు నాలుగు.
ఆ పది నేనే కట్టిన,
లెక్క తేలాలె గద.

ఇంక పాత పందిరి పీకుడే మిగిలింది.
నిరుటి బీరతీగ ఎండి
తాడు తీర్గ గుంజలను చుట్టుకున్నది.
కొనకు ఒక్క కాయ, ఇత్తుకు ఇడిచింది,
ఊపితే లోపల గలగల.
కొడవలి ఎత్తిన.
ముఖం మీదికి ఏదో ఉరికింది.

పికిలిపిట్ట.
నెత్తి మీద నల్లకుచ్చు, తోక కింద ఎర్రగ,
తిట్టుడు మొదలుపెట్టింది.
ఇరవై ఏండ్ల సర్వీసుల
అంగడి రోజు కూడ అన్ని తిట్లు పడలే.

తీగ మలుపుల దోసిట్ల సగమంత గూడు.
సన్నని ఏర్లు, సాలెగూడు పోగులు,
ఒక ఖాకీ దారం.
నాదే, ఆరేసిన కాడ గుంజుకపోయింది.
లోపల మూడు గుడ్లు,
గులాబి రంగు మీద
చింతపులుసు చిలికినట్టు మచ్చలు.

కొడవలి చూరుల పెట్టిన.
సగం మడి ఈ యేటిది,
సగం నిరుటిది. ఉండనీ.

నీళ్లన్న పెడదామని కంచుడు కడిగి
బోరు తిప్పిన.
గోడ అవుతల ఇద్దయ్య.
ఆయన నడుస్తుంటే
నేల మీద ఏదో పారేసుకున్నట్టుంటది.
చిన్నప్పటి నుంచి ఆ బాయి నీళ్లే;
మోకాళ్లు ఎడంగ, నడుము కొడవలి,
మెడ గడె పెట్టిన తలుపు.

"ఏ నీళ్లు పోస్తున్నవ్ పారిజాతా?"
"బోరుయే."
కొంచెంసేపు ఏం అనలే.
"గింతంత బొక్కలు వాటియి.
వంగనీకి ఎన్ని చుక్కలు గావాలె?"

నాకు తెల్వదు.
పిట్టకు గూని వస్తదో రాదో,
వస్తే ఏ కొమ్మకు చెప్పుకుంటదో.

కంచుడు ఒంపిన.
ఆయనే తెచ్చిండు, గోడ మీదికెంచి,
తను తాగే క్యాన్ల నీళ్లు ఒక చెంబు.
చెయ్యి పూర్తిగ చాపరాదు,
సగం నీళ్లు గోడే తాగింది.

పందిరి ముందర పెట్టినం.
"గూడు చూస్తవా?" అన్న, అలవాటుల.
అన్నంక నాలిక కరుసుకున్న.
అది ఆయన నెత్తికి మూరెడు పైన.
ఇద్దయ్య నవ్విండు.
చేతికర్ర మీద బరువు మోపి
కంచుడు మీదికి ఒరిగిండు.

నీళ్లల్ల పందిరి ఉన్నది,
తీగ ఉన్నది, గలగలల బీరకాయ ఉన్నది,
గూట్లకు తిరిగొచ్చిన నల్లకుచ్చు
తలకిందులుగ.
"కూసున్నది," అన్నడు,
పసిపిల్ల పండుకున్న ఇంట్ల మాట్లాడినట్టు.

అంతల జత పిట్ట దిగింది కంచుడు అంచుకు.
ముక్కు ముంచింది, మెడ ఎత్తింది.
ఒక్కో చుక్కకు ఒక్కోసారి
ఆకాశం దాక ఎత్తి మింగింది.
నీళ్లు కదిలి పందిరి చెదిరిపోయింది.
ఇద్దయ్య అట్లనే వంగి ఉన్నడు
మళ్లీ తేటపడేదాక.

రేపు నాలుగున్నరకు ఫస్ట్ సర్వీసు.
కాకర ఇత్తులు నాలుగూ
క్యాష్ బ్యాగుల, చిల్లర పక్కన.