ఉసిళ్ల పొద్దు

మిర్గం వాన కొట్టి వెలిసింది.
డిండి వాగు ఒడ్డున పుట్ట నోరు తెరిచి
పొగ లెక్క ఉసిళ్లను ఊదుతున్నది.

"ఎర్రలు పారెయ్" అన్నడు ఈదయ్య,
"ఇయ్యాల బువ్వ మీదికెల్లి వస్తది."

గాలానికి కౌజు పిట్ట ఈకలు రెండు,
నడుముకు పసుపు దారం మూడు చుట్లు,
ఎంగిలితో తడిపి, పంటితో తెంపి.
చూస్తే ఉసిలే.
ఎగరడమొక్కటే రాదు.

వెదురు కర్ర వంగి లేచింది.
ఆ అబద్ధం పోయి
నిజాల నడుమ మెల్లగ వాలింది.

నీళ్లనిండ పెదవుల చప్పుడు.
పరకలు, జెల్లలు,
బండ కిందికెల్లి ఒక కొర్రమట్ట సుత.
మా ఈక పక్కనున్నదాన్ని మింగి,
ఇటు పక్కనున్నదాన్ని మింగి,
మా ఈకను మాత్రం
తోకతో పక్కకు జరిపి పోయింది.

చీకటైంది. ఒక్కటి పడలే.
ఈదయ్య బీడీ ముట్టించి నవ్విండు:
"కడుపు నిండుతున్నోన్ని
మోసం చెయ్యలేం పిలగా.
రేపు రా.
రేపు ఇవి ఉండయి,
వాటి రుచి ఉంటది."

ఇంటికొచ్చి బుగ్గ కింద చూస్తే
నా టోపీకి గుచ్చిన గాలం మీద
నిజం ఉసిలి ఒకటి,
రెక్కలు రాల్చుకొని,
పసుపు దారం చుట్టూ
జత దొరికిందన్నట్టు
తిరుగుతనే ఉన్నది.