మెడ వెనక

మబ్బులోనే బయల్దేరితే మేలని అందరూ చెప్తారు.
తపాలా సంచి మబ్బులో రాదు.
ఉరవకొండ బస్సులోంచి అది దిగేసరికి తొమ్మిదిన్నర,
సీలు విప్పి, లెక్క రాసి, సైకిలెక్కేసరికి పది.
అప్పటికే ఎండ
నాకంటే ముందొచ్చి డ్యూటీలో చేరుంటుంది.

మా ఆయన పాత ఫుల్ చొక్కా చేతులు రెండూ
దస్తగిరమ్మ కత్తిరించి కుట్టిచ్చింది,
మోచేతి పైన ఎలాస్టిక్కు, కింద బొటనవేలికో బొక్క.
"నా చొక్కా ఏమాయ?" అని ఆయన అడిగితే
"హాఫ్ చొక్కా ఆయ, ఎండాకాలం గదా" అన్నా.

మొదటి ఏడాది నాకేం తెలీదు.
సైకిలు మీద గాలి తగుల్తాంటే
చల్లగానే ఉంది గదా అనుకుంటి.
గాలి అబద్ధమాడుతుంది.
సాయంత్రం నీళ్ళు పోసుకునేటప్పుడు
మొదటి చెంబుకే నిజం బయటపడుతుంది.
ఆ ఏడు చేతుల వెనక తోలు
ఎర్రగడ్డ పొర మాదిరి లేచొచ్చింది.
గాజుల కింద మాత్రం పాత రంగు, సన్నగా,
ఎవరో దాచిపెట్టి మర్చిపోయినట్టు.

మందులంగడి పిల్లోడు ట్యూబు చూపించి
"ముప్పై నంబరా, యాభై నంబరా అక్కా?" అన్నాడు.
ముప్పై రూపాయలేమో అనుకున్నా.
నూట ఎనభై ఇచ్చి తెచ్చుకొని
బుడ్డ గింజంత, బుడ్డ గింజంతే,
ముక్కుకింత, చెవుల కొసలకింత,
హ్యాండిలు పట్టుకునే వేళ్ళ మీదికి మిగిలింది.
మూడు నెలలు రావాల.
డబ్బా మీద రెండు గంటలకోసారి పూయమని ఉంది.
అది రాసినోడికి నా జీతం తెలీదు.

బెళుగుప్ప దోవలో చెట్టు లేదు.
గాలిమరలున్నాయి.
రెక్క నీడ రోడ్డు మీద పడి, నన్ను తాకి,
పక్క చేలోకి దాటిపోతుంది.
మూడు లెక్కపెట్టేలోపల ఇంకొకటి.
ఇక్కడ నీడను కూడా కంతుల్లోనే ఇస్తారు.
స్తంభం నీడ కొంచెం నిలకడది,
ఒక సైకిలూ ఒక మనిషీ పట్టేంత వెడల్పు.
దాంట్లో నిలబడి సీసాలో నీళ్ళు సగం తాగి
సగంతో తుండుగుడ్డ తడుపుతా.
నా తలకు కాదు, మిషనుకు.
వేలిముద్ర మిషను వేడెక్కిందంటే మొండికేస్తుంది.
దాని తోలు నా తోలు కంటే సున్నితం.

వన్నూరమ్మకు ఉపాధి కూలి పడింది, పద్దెనిమిది వందల చిల్లర.
బొటనవేలు పెట్టింది. పడలేదు.
చూపుడు వేలు. పడలేదు.
చీరకు తుడిచి, నీళ్ళతో కడిగి, మళ్ళా.
ఎర్ర లైటు.
ఆ వేళ్ళ గీతలు ఎప్పుడో పోయినాయి,
కలుపు తీస్తా కొన్ని, బుడ్డలు వలుస్తా కొన్ని,
పార కామ ఎత్తుకుపోయినవి కొన్ని.
అరవై ఎండాకాలాలు
ఏ చొక్కా చేతులూ లేకుండా నిలబడిన తోలు.
"నేనే మే, వన్నూరమ్మను" అంటుంది మిషనుతో,
"నిన్న గూడా నేనే."

ట్యూబు తీసినా.
గింజంత కాదు, వేలెడంత పిండి
ఆమె బొటనవేలికి రుద్దినా, మెత్తబడేదాకా రుద్దినా,
గుడ్డతో తుడిచి అద్దం మీద ఒత్తి పట్టుకున్నా.
ఐదోసారికి పచ్చ లైటు.

డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి కొంగున ముడేసుకొని
వేళ్ళు వాసన చూసుకుంది.
"ఏందే ఇది, పెండ్లికూతురు వాసన?"
"ఎండకవ్వా."
"ఎండకా!" నవ్వి నవ్వి దగ్గొచ్చింది ఆమెకు.

పన్నెండు నలభై. సంచిలో ఇంకా ఏడు ఉత్తరాలు.
స్టాండు తీసి పెడలు మీద కాలు పెడితే
"ఆగు మే" అని వెనక నుంచి వచ్చి
వేళ్ళ సందుల్లో మిగిలిన జిడ్డంతా
నా మెడ వెనక రాసింది,
గరగరలాడే చేత్తో, వెంట్రుకలు పక్కకు తోసి.
"ఈడ మర్సినావు.
నీకెట్ల కనపడుతాది."