వందకు మూడు

పొడి డబ్బా మూత తీసేముందు
ఫ్యాను ఆపాలి, కిటికీ వేయాలి,
ముక్కుకు రెండు గుడ్డలు కట్టుకోవాలి.
సిలికా. ఇసుకకు మునిమనవరాలు.
చెంచాతో తీస్తే పొగ మాదిరి లేస్తుంది,
త్రాసు మీద పడ్డదా లేదా
అంకె మారితేనే తెలుస్తుంది.

కర్నూల్లో, నంద్యాల రోడ్డు కాలేజీలో
హై వోల్టేజీ ల్యాబు అటెండరును నేను.
దూదేకుల మాబున్ని. ఊరు ఆదోని.
ఎపాక్సీ పోసి బిళ్లలు చేయడం నా పని.
బిళ్లలో సూది నాటి
పద్నాలుగు వేల వోల్టులు ఎక్కించి
ఎంతసేపు ఓర్చుకుంటుందో చూడ్డం
రేణుకాదేవి మేడం పని.

సూదిమొన కాడ మొదట ఏమీ ఉండదు.
తరవాత ఒక నలక.
నలకకు కాలు, కాలికి వేళ్లు,
చూస్తుండగానే చెట్టు.
పుస్తకాల్లోనూ దాన్ని చెట్టనే అంటారు.
వేరు సూది కాడ, కొమ్మలు కింది దిక్కు.
కొమ్మ అవతలి రేకును తాకిందా,
టప్పుమని ఒక్క మెరుపు,
బిళ్ల పని అయిపోయినట్టే.
ఉత్త ఎపాక్సీకి నలభై నిమిషాలు.

అందుకే పొడి.
వందకు మూడు పాళ్లు కలిపితే
చెట్టుకు దారి దొరకదు.
ప్రతి రేణువు కాడా ఆగుతుంది,
పక్కకు తిరుగుతుంది, గుబురవుతుంది,
వరదొచ్చిన తుంగభద్ర ఒడ్డున గొర్రెల మంద మాదిరి
అక్కడక్కడే మెసులుతుంది.
"అడ్డం పడేది రేణువు కాదమ్మా,
రేణువు చుట్టూ ఉన్న అంచు" అంటారు మేడం.
రేణువెంత చిన్నదైతే అంచంత ఎక్కువ.
ఉరికే చార్జిని పట్టి కూర్చోబెట్టేది ఆ అంచే.

మూడుకే ఇంత మేలైతే పది కలుపుదామన్నాడు
పీహెచ్‌డీ అబ్బాయి గిరిధర్.
కలిపినాము.
ఇరవై రెండు నిమిషాలకే మెరుపు.
మళ్లీ పోసినాము. పద్ధెనిమిది.
మేడం నా దిక్కు చూసినారు.
నేను బిళ్లను వెలుగుకు పట్టి చూసినా.
లోపల తెల్లటి ఉండలు.

ఉండలంటే నాకు తెలుసు.
మా నాయన కుళ్లాయప్ప
కమాను భుజానేసుకొని
ఆదోని సందుసందూ తిరిగి పరుపులు ఏకినోడు.
నరం తీగ మీద కొడితే
టంయ్ టంయ్‌మని దూది లేచి గాల్లో విడిపోయేది.
పోగుకు పోగు అంటుకోకూడదు అనేవాడు.
తొందరపడి ఏకిన పరుపు
ఏడాది తిరక్కముందే గట్లు కడుతుంది,
పడుకున్నోని వీపు నన్ను తిడుతుంది.
దూది ఎక్కువ కూరితే మెత్తన అనుకుంటారు,
అది పరుపు కాదే, మూట.

మేడంతో ఇవన్నీ చెప్పలేదు.
"మూడే పెడదాం మేడం, పొడిని రాత్రంతా ఓవెన్లో ఎండబెడదాం,
సోనికేటర్లో గంట చాలదు, నాలుగు గంటలు" అన్నా.
వానొచ్చిన రోజు తూచిన పొడి
తేమ తాగి చెడిందని కూడా అన్నా.
గిరిధర్ నవ్వినాడు. మేడం నవ్వలేదు.

దోమ చెవిలో దూరినట్టు
ఈల వేస్తుంది సోనికేటరు.
అందరూ తలుపేసుకొని బయటికి పోతారు.
నేను కూర్చుంటా,
ఏ వీధిలో ఏకుతున్నాడో వినబడుతుందేమోనని.

తొమ్మిది గంటలు నిలిచింది ఆ బిళ్ల.
నా ఆఖరి బస్సు పోయింది.

పోయిన నెల నాయనను ల్యాబుకు పిల్చుకొచ్చినా,
పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీయించి వస్తూ వస్తూ.
నలభై ఏళ్ల దూది ధూళి అన్నాడు డాక్టరు.
ఫొటోలో ఎదనిండా కొమ్మలు,
కొమ్మల మధ్య తెల్లటి మబ్బు.
ఆ కవరు చంకలో పెట్టుకునే
మైక్రోస్కోపులో కన్ను పెట్టినాడు.
చాలాసేపు ఏమీ అనలేదు.
"రేగిచెట్టు" అన్నాడు.
"నీళ్లెవరు పోసినారు దీనికి?"
"కరెంటు, నాయనా."

తొమ్మిది గంటల బిళ్లను చేతికిచ్చినా.
బొటనవేలితో రుద్ది, కిటికీకి ఎత్తిపట్టి,
దగ్గు ఆగినాక అన్నాడు:
"బాగా ఏకినావు."

మరుసటి రోజు డబ్బా మూత తీసేముందు
మూడో గుడ్డ కట్టుకున్నా.